టవర్‌లో దండకం

మా బావ ఒక వాక్యం మొదలుపెడితే అది ముగిసేలోపు పాలు పొంగిపోతాయని మా అక్క అనేది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఒకసారి నిజంగానే పొంగిపోయాయి. పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమని చెప్పి ఆవిడ స్నానానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మంట ఆరిపోయి, గట్టంతా పాలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. బావ వీధి గుమ్మంలో నిలబడి, ఉత్తరాలు తడవకుండా సంచీని ఏ భుజానికి తగిలించుకుంటే శ్రేయస్కరమో తపాలా మనిషికి వివరిస్తున్నాడు. అదీ ఇంగ్లీషులో. తపాలా మనిషికి ఇంగ్లీషు చిరునామాలు చదవడం వరకే వచ్చు. అయినా సారు ఏదో మంచే చెబుతున్నారు కదా అని టోపీ తీసి చేత్తో పట్టుకుని వింటున్నాడు.

"ఏమండీ, పాలు!" అంది అక్క.

"అవును, ఆ విషయంలో నేను కించిత్తు పరధ్యానానికి లోనై..."

"ముందు గుడ్డ పట్టుకురండి. పరధ్యానం సంగతి తర్వాత చూద్దాం."

ఆయన ఇంగ్లీషు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. వాళ్ళ నాన్న ఒక లాయరు దగ్గర గుమాస్తా. లాయరు పోయాక, ఆయన పుస్తకాలు ఎవరికీ అక్కర్లేక గుమాస్తా ఇంటికి చేరాయి. వాటిలో చట్టం పుస్తకాలు చెదలకి రుచించాయి. పెద్దమనుషులు పెద్దమనుషులకి ఉత్తరాలు రాసే పద్ధతి, విందుల్లో ప్రసంగించే పద్ధతి, పరాయి ఊళ్ళో పరిచయం చేసుకునే పద్ధతి, ఇలాంటివి బావకి రుచించాయి. వాటిని ఆయన చిన్నప్పుడే నమిలి మింగేశాడు. తీరా పెద్దయ్యాక చూస్తే, చుట్టుపక్కల ఆ భాష మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. అద్దం ముందు నిలబడి తనే పిలిచి తనే పలికేవాడు. పెళ్ళయిన కొత్తలో మా అక్క కంగారు పడి, లోపల ఇంకెవరున్నారని తలుపు బాదిందట.

అప్పట్లో ఆయన ఒక ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేవాడు. విద్యార్థులకి ఆయనంటే ప్రాణం. పరీక్ష మాత్రం ఎవరూ గట్టెక్కేవారు కాదు. అలా ఉండగా ఓడరేవులో రేడియో ఆపరేటరు ఉద్యోగానికి ప్రకటన పడింది. సమస్త దేశాల ఓడల కెప్టెన్లతోనూ ఇంగ్లీషులో మాట్లాడే పని అని అందులో ఉంది. రాతపరీక్షలో బావది మొదటి ర్యాంకు. ఆ వార్త తెలిసిన రోజున ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "బావమరిదీ, ఇన్నాళ్ళకి నాకు శ్రోతలు దొరికారోయ్" అన్నాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. నేను అదే రేవులో పని చేస్తున్నాను కాబట్టి, ఆ శ్రోతలు ఎలాంటివారో నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. శుభమా అని ఉద్యోగం వచ్చిన మనిషికి మొదటి రోజునే ఏం చెబుతాం?

రేవు మొదట్లో ఒక టవర్ ఉండేది. పైగదికి నాలుగు వైపులా బయటికి వాలిన అద్దాలు. మధ్యలో బల్ల, దాని మీద రేడియో సెట్టు, మెలికల తీగకి వేలాడే మైకు, ఒక దుర్భిణి. గోడకి ఆటుపోటుల వేళలు సుద్దముక్కతో రాసే బోర్డు. సెట్టు ముందు గిర్రున తిరిగే కుర్చీ ఒకటి, దాని చేతులకి తోలు ఊడిపోయి స్పాంజి కనిపిస్తూ ఉండేది. కింది గదిలో నేను. సముద్రం లోతులు గీసిన చార్టులు భద్రపరచడం, అడిగిన వాళ్ళకి తీసివ్వడం నా పని. రెండు గదులకీ మధ్య ఇనప మెట్లు తప్ప తలుపు లేదు. పైన స్పీకరులో ఎవరు దగ్గినా నాకు వినపడేది. అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి హాయిగా పుస్తకాలు చదువుకునేవాణ్ణి. బావ వచ్చాక ఆ భోగం పోయింది.

ఓడలవాళ్ళ ఇంగ్లీషు గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. అక్కడికొచ్చే కెప్టెన్లలో ఒక్కొక్కరిది ఒక్కొక్క భాష. అందరూ కలిసి మాట్లాడుకోవడానికి ఇంగ్లీషు. అది అందరికీ ఎదుటివాడి చొక్కా లాంటిది. ఒకడికి చేతులు పొడుగు, ఒకడికి మెడ బిగుతు. అందుకని ఆ వృత్తిలో వాళ్ళు అందరికీ పట్టేలా ఒక చిన్న బనీను కుట్టుకున్నారు. ఆగు, రా, కుడి, ఎడమ, లంగరు వెయ్యి, తాడు విప్పు. అంతే. దానికి తోడు ఒక కట్టుబాటు: ఒకడు చెప్పింది రెండోవాడు తిరిగి చెప్పాలి. తిరిగి చెబితేనే చెప్పినట్టు లెక్క. తిరిగి చెప్పలేదంటే, ఎంత అరిచినా అది గాలికి చెప్పినట్టే.

టవర్‌లో అప్పటికే ఒక అమ్మాయి పని చేస్తూ ఉండేది. ఆమెని అందరూ టెలిగ్రాం అనేవారు. ఆమె ఇంగ్లీషంతా ఒక అగ్గిపెట్టెలో పట్టేస్తుంది. వేరుశెనక్కాయలు నములుతూ, కాళ్ళు బల్ల కింద ఊపుతూ, అంతంత ఓడల్ని అటూ ఇటూ నడిపేది.

"ఫలానా ఓడ, బోయా దగ్గర ఆగు. తిరిగి చెప్పు" అనేది. బోయా అంటే దారి గుర్తుకి నీటి మీద తేలేసిన పీపా.

"బోయా దగ్గర ఆగుతా" అనేది స్పీకరు.

"సరే" అనేది ఈమె. ఒక పొట్టు ఊదేది.

బావ మొదటి రోజు ఇదంతా చూసి చెవులు మూసుకున్నంత పని చేశాడు. "ఇదేం ఇంగ్లీషమ్మాయ్? చిలకలకి నేర్పేదా?"

"చిలకలు గుద్దుకుంటే ఈకలు ఊడతాయి సార్. ఇవి గుద్దుకుంటే మన ఉద్యోగాలు ఊడతాయి."

"అంతటి ఓడ నడిపే మనిషిని పట్టుకుని, 'ఏదీ, నేను చెప్పింది అప్పజెప్పు' అంటావా? ఎక్కాలు రాని పిల్లాణ్ణి అడిగినట్టు?"

"అప్పజెప్పకపోతే వాడికి ఎక్కిందో లేదో నాకెలా తెలుస్తుంది సార్?"

"ముఖం చూసి తెలుసుకోవాలమ్మా."

"ముఖం ఎక్కడుంది సార్, ఇది రేడియో."

ఆయన వినిపించుకోలేదు. గొంతు సవరించుకుని, మైకుని రెండు వేళ్ళతో పువ్వులా పట్టుకుని మొదలుపెట్టాడు. ఆ ఇంగ్లీషుని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "మహోదయా, మా రేవు పక్షాన తమకు సాదర స్వాగతం. తమ ప్రయాణం నిర్విఘ్నంగా సాగి ఉంటుందని విశ్వసిస్తున్నాను. తమకు ఏ మాత్రం అసౌకర్యం కలగని పక్షంలో, ఉత్తరపు బోయా సమీపాన కించిత్కాలం విశ్రమించే విషయాన్ని తమరు పరిశీలించగలరేమోనని..."

స్పీకరు కాసేపు గరగరలాడింది. "మళ్ళీ చెప్పు" అంది.

బావ నా వైపు తిరిగి, కింది మెట్టు మీదున్న నాకు కనుబొమలెగరేశాడు. నాటకంలో పద్యం అందుకున్న నటుణ్ణి జనం వన్స్ మోర్ అన్నప్పుడు ఉండే ముఖం అది. అదే దండకాన్ని, ఇంకాస్త రాగం తీసి, మొదటి నుంచి చదివాడు.

ఆ వారంలోనే ఆయనకి దండకం అనే పేరు ఖాయమైంది. పెట్టింది టగ్గు సరంగు. పెద్ద ఓడల్ని నెట్టి, లాగి, ఒడ్డుకి చేర్చే చిన్న పడవ అతనిది. నోరు మాత్రం పెద్ద ఓడంత. రెండో రేడియో సెట్టులో తెలుగులో మాట్లాడేవాడు. "దండకం బాబూ, మీరు ఒక ఓడకి నమస్కారం పెట్టేలోపు నేను రెండు ఓడలు కట్టేశాను. కానివ్వండి, తొందరేం లేదు" అనేవాడు.

ఇలా కొన్నాళ్ళయినా గడిచిందంటే, టెలిగ్రాం పక్కనే ఉండేది కాబట్టి. బావ ప్రసంగం ముగించగానే ఆ అమ్మాయి మైకు అందుకుని "బోయా దగ్గర ఆగు. తిరిగి చెప్పు" అనేది. పెద్దమనిషి ఉపన్యాసం అయ్యాక వంటవాడు వచ్చి 'ఇక భోజనాలకి లేవండి' అన్నట్టు. ఎవరు చెప్పింది పని చేసిందో అందరికీ తెలుసు, ఒక్క బావకి తప్ప.

ఆమె పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టిన రోజున వచ్చింది ముప్పు.

లోపలి నుంచి కార్ల ఓడ ఒకటి బయలుదేరింది. ఓడ అంటే నీటి మీద కదిలే మేడ. రేవులోకి వచ్చే కాలువ ఇరుకు, ఒకసారికి ఒకటే పడుతుంది. అదే సమయానికి బయట ధాన్యం ఓడ ఒకటి వచ్చి నిలబడింది. దాన్ని ఆగమనాలి. బావ పని అంతే. ఆయన మైకు తీసుకుని, స్వాగతం పలికి, ప్రయాణ కుశలం అడిగి, ఈ కాలువని మరికాసేపట్లో ఒక మహత్తర నౌక అలంకరించబోతోందనీ, ఈ పరిస్థితుల్లో వారు సహనం వహించడం ఉభయతారకంగా ఉంటుందనీ మనవి చేశాడు.

ధాన్యం కెప్టెన్‌కి అందులో రెండే మాటలు తగిలాయి. స్వాగతం, కాలువ. "థాంక్యూ సార్! థాంక్యూ!" అన్నాడు.

కట్టుబాటు ప్రకారం బావ అక్కడ "తిరిగి చెప్పు" అనాలి. అనలేదు. అంత వినయంగా కృతజ్ఞత చెప్పినవాణ్ణి పట్టుకుని పాఠం అప్పజెప్పమంటే ఏం మర్యాద? కిందికి వంగి నాతో, "ఎంత సంస్కారం చూశావా!" అన్నాడు. సంస్కారం గల ఆ ఓడ లంగరెత్తి నేరుగా లోపలికి వస్తోంది.

"దండకం బాబూ!" రెండో సెట్టు పగిలిపోయేలా అరిచాడు సరంగు. "ధాన్యం వాడు దూరిపోతున్నాడు! వాడికేం చదివారు?"

బావ మైకు లాక్కున్నాడు. ఆ కంగారులో కూడా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట "మహోదయా". రెండో మాట ఏమై ఉండేదో తెలియదు. ఈలోపు ధాన్యం కెప్టెన్ ఎదురుగా మేడ కదిలి రావడం చూసి, చుక్కాని ఒక్క ఊపున తిప్పేశాడు. ఓడ పక్కనున్న మెత్తటి బురదలోకి ఎక్కి కూర్చుంది. కార్ల ఓడ దాన్ని రాసుకుంటూ, ఈ ఓడ వంటవాడు ఆ ఓడ వంటవాణ్ణి కుశలం అడగగలిగేంత దగ్గర నుంచి వెళ్ళిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మళ్ళీ పోటు వచ్చి తేల్చేదాకా ధాన్యం ఓడ బురదలో గేదెలా అక్కడే ఉంది. ఊరు ఊరంతా వచ్చి చూసి పోయింది.

విచారణ టవర్‌లోనే జరిగింది. రేవంతటికీ అధికారి హార్బర్ మాస్టరు. పొట్టి మనిషి, పెద్ద మీసం. ఆయన టేపు వేయించాడు. అక్కడ మాట్లాడే ప్రతి ముక్కా టేపులోకి ఎక్కుతుంది. ధాన్యం కెప్టెన్ కూడా వచ్చాడు. మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెట్టరులో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా బావ గొంతుని మొదటి నుంచి చివరిదాకా భక్తిగా విన్నాడు.

"చాలా బాగుంది. పాటలా ఉంది," అన్నాడు తన ఇంగ్లీషులో. తర్వాత మా అందరి వంకా చూసి, "ఏమన్నాడు?" అని అడిగాడు.

హార్బర్ మాస్టరు బావ వైపు తిరిగాడు. "ఏమయ్యా, అసలు ఆగమన్నావా లేదా?"

"అన్నాను సార్. మూడో వాక్యంలో."

"మూడో వాక్యంలోనా!"

"మొదటి వాక్యంలోనే ఆగమంటే మరీ మొరటుగా ఉంటుందని..."

టెలిగ్రాం వాచిన బుగ్గ పట్టుకుని నవ్వు ఆపుకోలేక మెట్లు దిగి నా గదిలోకి వచ్చి పడింది. పైన మాత్రం హార్బర్ మాస్టరు నవ్వలేదు. "వచ్చే నెల నేనొచ్చి ఒక పూట నీ పక్కన కూర్చుంటా. ఈ అమ్మాయి మాట్లాడినట్టు మాట్లాడావా, కుర్చీ నీది. లేదా, గేటు దగ్గర లారీలకి పాసులిచ్చుకో. అక్కడ నువ్వు ఎంత చదివినా బురదలో ఎవడూ దిగబడడు."

జీతంలో పెద్ద తేడా లేదు. గేటు ఇంటికి దగ్గర కూడా. కానీ గేటు దగ్గర ఇంగ్లీషు అక్కర్లేదు. 'ఆపు', 'పో' అంటే చాలు, అదీ చెయ్యి ఊపితే సరిపోతుంది. బావకి కుర్చీ పోవడమంటే మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళడమే. ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. అక్క భయపడింది. పాలు పొంగినా ఫరవాలేదు గానీ మనిషి ఇలా ఉండకూడదనుకుంది.

మర్నాటి నుంచి శిక్షణ ఆవిడ చేతిలోకి తీసుకుంది.

"బియ్యం అయిపోయాయి. తెండి. తిరిగి చెప్పండి."

"ఇంట్లో బియ్యం నిండుకున్న కారణంగా..."

"నిండుకోలేదు, అయిపోయాయి. మళ్ళీ."

"అయిపోయాయి అనకూడదే! నిండుకున్నాయనాలి."

"మీరు నిండుకున్నాయని వాడితో అంటే, ఆ కెప్టెను బస్తాలు చాలని వెళ్ళిపోతాడు. అయిపోయాయి, తెండి. చెప్పండి."

"...అయిపోయాయి. తెస్తాను."

"సరే," అనేది అక్క, అచ్చం టెలిగ్రాంలా.

వింటూ కూర్చున్న నాకు, తప్పంతా బావ ఒక్కడిదే కాదనిపించేది. అయిపోయిన బియ్యాన్ని నిండుకున్నాయనే వాళ్ళం. శాశ్వతంగా వెళ్ళిపోయేవాడు కూడా గుమ్మంలో వెళ్ళొస్తాననే అంటాడు. మనకి ఒకరి సంగతి ఒకరికి తెలుసు కాబట్టి ఆ మాటల వెనకున్న అసలు మాట వినపడుతుంది. బురద ఎక్కడుందో తెలియని కొత్తవాడికి అది ఎలా వినపడుతుంది? ఈ సంగతి బావతో అంటే, దాని మీద పెద్ద ప్రసంగం చేస్తాడని అనలేదు.

మాట తగ్గించడం ఆయనకి తొందరగానే పట్టుబడింది. పట్టుబడనిది రెండో సగం. తిరిగి చెప్పమని అడగడం. ఆ మాట వచ్చేసరికి ఆయన మైకు కింద పెట్టేసేవాడు. చివరికి సరంగే ముందుకొచ్చాడు. టగ్గు కట్టేసి, చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ టవరెక్కి, "నన్ను అడగండి బాబూ. నాకు సిగ్గూ ఎగ్గూ లేవు" అన్నాడు.

"అది కాదోయ్. ఎదుటి మనిషికి బుర్ర లేదని ముఖాన అన్నట్టు ఉంటుంది."

"మా ఆవిడ చెప్పింది నేను తిరిగి చెప్పకపోతే నాకు ఇంట్లో ముద్ద పెట్టదు. అంటే నాకు బుర్ర లేదనా?"

బావ ఇబ్బందిగా చూశాడు.

"సరే, లేదనే అనుకోండి," అన్నాడు సరంగు. "ఉందో లేదో తేలేదాకా అయినా అడగాలిగా! అడగండి, అడగండి."

హార్బర్ మాస్టరు వచ్చిన రోజు ఎండ బాగా కాస్తోంది. ఆయన టీ గ్లాసు పట్టుకుని కుర్చీ పక్కన కుర్చీ వేసుకున్నాడు. రెండో బల్ల దగ్గర టెలిగ్రాం. ఆ రోజు వేరుశెనక్కాయలు తేలేదు. నేను చార్టులు సర్దే నెపంతో పైమెట్టు మీద.

మొదటి ఓడ వచ్చింది. "ఆగు. బోయా దగ్గర ఆగు," అన్నాడు బావ. చేదు మందు మింగేవాడిలా కళ్ళు మూసుకుని, "తిరిగి చెప్పు" అన్నాడు. ఓడ తిరిగి చెప్పింది. ఆకాశం విరిగి మీద పడలేదు. రెండో ఓడ నూనె ఓడ, బయటికి పోవడానికి లోపల సిద్ధంగా ఉంది. దాన్నీ ఆగమని, తిరిగి చెప్పించాడు. హార్బర్ మాస్టరు మీసం కింద తృప్తి కనిపించింది. టెలిగ్రాం బల్ల కింద నాకు బొటనవేలు చూపించింది.

అప్పుడు స్పీకరులో మూడో గొంతు వచ్చింది.

ముసలి గొంతు. నిదానంగా, నిండుగా, ఇంగ్లీషు పుట్టినింట్లోనే పుట్టిన గొంతు. లాయరు పుస్తకాల్లో అచ్చయిన పెద్దమనిషి లేచి వచ్చి మాట్లాడుతున్నట్టుంది. "రేవు మిత్రులకి వందనాలు! ఈ పొద్దు మీ ఆకాశాన్ని చూస్తుంటే నా ముసలి ప్రాణానికి ఎంత హాయిగా ఉందనుకున్నారు! మా ముసలమ్మకి మాత్రం ఆ హాయి లేదు పాపం. పొద్దుట్నుంచి అలిగి కూర్చుంది. ముందుకి నడవమంటే కులుకుతూ నడుస్తోంది గానీ, వెనక్కి అడుగెయ్యమంటే మొరాయిస్తోంది. ఈ వయసులో మోకాళ్ళు అలాగే ఉంటాయి, నేనూ పెద్దగా పట్టించుకోవడం లేదు. తమ అనుమతైతే లోపలికొచ్చి, తమ పాదాల చెంత..."

"ముసలమ్మ ఎవరు?" హార్బర్ మాస్టరు గ్లాసు కింద పెట్టేశాడు. "ఓడలో ఆడవాళ్ళున్నారా? డాక్టర్ని పిలవాలా?"

"నాకు గుడ్ మార్నింగ్ వరకే అర్థమైంది సార్," అంది టెలిగ్రాం.

నూనె ఓడ మధ్యలో దూరింది. "ఎవరు? మళ్ళీ చెప్పు. ఎవరు వస్తారు? మళ్ళీ చెప్పు."

రెండో సెట్టులో సరంగు. "బాబూ, ఏమంటున్నాడు? పాట పాడుతున్నాడా?"

బావకి అర్థమైంది. ముసలమ్మంటే ఓడ. మోకాళ్ళంటే ఇంజను. వెనక్కి అడుగెయ్యడం లేదంటే ఇంజను వెనక్కి తిరగడం లేదు. ఓడకి బ్రేకులుండవు. ఇరుకు చోట ఇంజను వెనక్కి తిప్పితేనే అది ఆగుతుంది. ఆ ఓడ ఇప్పుడు లోపలికొస్తే గట్టుకి గుద్దుకునేదాకా ఆగదు. ఆ సంగతిని ఆ పెద్దాయన సరదాగా, తనవాళ్ళతో కబుర్లాడినట్టు చెబుతున్నాడు. తన ఇంగ్లీషు ఈ లోకంలో అందరి ఇంగ్లీషూ అనుకుంటున్నాడు.

నేను బావ ముఖం చూస్తున్నాను. ఆ ముఖంలో భయం లేదు. జాతరలో తప్పిపోయినవాడికి తన ఊరి యాస వినపడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇన్నేళ్ళకి ఒకడు పలికాడు. దానికి తగిన జవాబు ఆయన నాలుక మీద సిద్ధంగా ఉందని నాకు తెలుసు. పెదవులు కదిలాయి. "ప్రియ మిత్రమా" అనే మాటలో సగం బయటికొచ్చింది కూడా.

అక్కడ ఆగిపోయాడు. మైకుని పువ్వులా కాకుండా పిడికిలితో పట్టుకున్నాడు.

"కెప్టెన్, ఆపండి. చిన్న మాటల్లో చెప్పండి. ఇంజను వెనక్కి పని చేస్తుందా? అవునా, కాదా?"

"మిత్రమా, మరీ అంత ముక్కుసూటిగా అడిగితే..." అంది ముసలి గొంతు, కాస్త నొచ్చుకుని.

"అవునా, కాదా?"

"కాదు."

"తిరిగి చెప్పండి. ఇంజను వెనక్కి పని చేయదు."

"ఇంజను వెనక్కి పని చేయదు."

"లోపలికి రావద్దు. బయటే లంగరు వేయండి. టగ్గులు వస్తాయి. తిరిగి చెప్పండి."

ఆ గొంతు తిరిగి చెప్పింది. మొదటిసారి బడికెళ్ళిన పెద్దమనిషిలా, ఒక్కొక్క మాట విడివిడిగా. వెంటనే నూనె ఓడ, "అర్థమైంది. నేను ఆగుతా" అంది. సరంగు, "ఇప్పుడు మనిషిలా మాట్లాడాడు! వస్తున్నా" అన్నాడు. కింద టగ్గు ఇంజను రాజుకుంది.

హార్బర్ మాస్టరు మీసం తుడుచుకున్నాడు. "ముసలమ్మంటే ఓడా!"

"ఓడే సార్."

"నేనైతే డాక్టర్నీ, ఒక నర్సునీ పంపించి ఉండేవాణ్ణి." లేచి బావ భుజం మీద చెయ్యి వేశాడు. "కుర్చీ నీదేనయ్యా. కానీ తోలు వేయించుకో, స్పాంజి అంటుకుంటోంది" అని, చొక్కా చెయ్యి దులుపుకుంటూ దిగిపోయాడు.

బావ అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు. టెలిగ్రాం ఊరుకోలేదు. "గెలిచారు కదా సార్, ఏంటలా ఉన్నారు?"

"నన్ను మిత్రమా అన్నాడమ్మాయ్."

"అవును, విన్నాం."

"నేను నోరు మూయించాను."

ఆ అమ్మాయికి ఉన్న కాసిని మాటల్లో దానికి సరిపోయేది దొరకలేదేమో, లేచి తన టీ ఆయన ముందు పెట్టింది.

టగ్గులు ముసలమ్మని చెరో జబ్బా పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చాయి. డ్యూటీ దిగాక బావ ఇంటికెళ్ళి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను తోడు తీసుకుని గట్టు మీదకి వెళ్ళాడు. ఓడ నిచ్చెన కింద, తాళ్ళు చుట్టే ఇనప దిమ్మ మీద ఒక పొడుగాటి ముసలాయన చెప్పుల్లేకుండా కూర్చుని ఉన్నాడు. జుట్టు చెవులు దాటి మెడ మీద పడుతోంది. మమ్మల్ని చూసి, "నన్ను బడిపిల్లాణ్ణి చేసింది తమరేనా?" అన్నాడు.

బావ చెప్పిన క్షమాపణ వాక్యం ఎంత పొడుగంటే, అది మొదలైనప్పుడు ఎండ ఉంది, అయ్యేసరికి దీపాలు వెలిగాయి. ముసలాయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయ్యాక అంతకన్నా పొడుగ్గా క్షమించాడు. తర్వాత ఇద్దరూ దిమ్మ మీద చెరో సగం కూర్చున్నారు. మా బావ మాట్లాడుతుండగా ఇంకొకరు అదే భాషలో బదులు పలకడం నేను జీవితంలో మొదటిసారి వినడం. సగం నాకు అర్థం కాలేదు. మంచి క్షవరం ఎక్కడ చేస్తారని ముసలాయన అడిగింది మాత్రం అర్థమైంది. బావ దారి చెప్పాడు. గడియారపు కూడలి వైభవం, చేపల బజారు పరిమళం, ఎడమ చేతి సందులోని వేపచెట్టు నీడ, అన్నీ వచ్చాయి అందులో. ముసలాయన పరవశించి విన్నాడు.

మర్నాడు సరంగు వచ్చి చెప్పాడు. "మీ కెప్టెను నిన్న బజారంతా తిరిగి, చివరికి కత్తులు సాన పట్టేవాడి ముందు తల వంచుకుని కూర్చున్నాడు బాబూ. వాడు భయపడి దుకాణం మూసేశాడు. నేనే చెయ్యి పట్టుకుని ఓడ దగ్గర దింపాను."

"ఏమన్నాడు?" అన్నాడు బావ ఆత్రంగా.

"ఏమో, చాలా అన్నాడు. సంతోషంగానే ఉన్నాడు."

ఇంజను బాగు చేయడానికి కొన్నాళ్ళు పట్టింది. సాయంత్రమయ్యేసరికి బావ దిమ్మ దగ్గరికి పోయేవాడు. రోజూ క్షవరానికి కొత్త దారి చెప్పేవాడు. అక్క, "ఆ పెద్దాయన్ని ఒకసారి మీరే తీసుకెళ్ళొచ్చు కదండీ" అంది. బావకి ఆ ఆలోచనే రాలేదట.

ఓడ బయలుదేరే రోజున డ్యూటీ బావదే. కుర్చీకి కొత్త తోలు వేయించారు. టెలిగ్రాం తన బల్ల దగ్గర పొట్టు ఊదుకుంటోంది. స్పీకరులో ముసలి గొంతు పలకరించబోతున్నట్టు దగ్గింది. బావ చటుక్కున లేచి, మైకు ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

"ఈ ఓడని నువ్వు పంపించమ్మా."

"అదేంటి సార్? డ్యూటీ మీది."

"నేనైతే చిన్న మాటల్లో చెప్పలేను."

ఆమె ఆయన ముఖం చూసింది. కుర్చీలో కూర్చుని, "కాలువ ఖాళీ. బయటికి పో. తిరిగి చెప్పు" అంది. మాట్లాడేది బావ కాదని తెలిసి ముసలి గొంతు ఒక క్షణం తడబడింది. తర్వాత, "కాలువ ఖాళీ. బయటికి పోతున్నా" అని తిరిగి చెప్పింది. "సరే" అంది టెలిగ్రాం.

బావ దుర్భిణి తీసుకుని అద్దం దగ్గరికి వెళ్ళాడు. ఓడ బోయా దాటేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఏం కనిపిస్తోందని నేను మెట్టు మీద నుంచే అడిగాను.

"జుట్టు ఇంకా అలాగే ఉందోయ్" అన్నాడు.